పురిటి సంచిలో ఏముండాలి, అంగట్లోనే ఏముండాలి

ప్రశ్న: నాకిప్పుడు ఏడో నెల. ఒంగోలులో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నాను. నవంబరు రెండో వారంలో ప్రసవం కావచ్చని డాక్టరుగారు చెప్పారు. మొదటి కాన్పు కనుక పుట్టింటికి, అంటే నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గరి మా పల్లెకు వెళ్ళి, నెల్లూరు ఆసుపత్రిలో పురుడు పోసుకోవాలని పెద్దలు నిర్ణయించారు. బిడ్డకు కావలసినవి కొనడానికి 20,000 రూపాయలు దాచుకున్నాను. బెంగళూరులో ఉన్న స్నేహితురాలు పంపిన జాబితాలో అరవైకి పైగా వస్తువులున్నాయి, దాన్ని ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. వాటికి ఈ డబ్బు ఏ మూలకూ రాదు. మా అత్తగారు "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బిడ్డ భూమ్మీద పడకముందే ఈ కొనుగోళ్ళేమిటి, గుడ్డముక్క కూడా ఇంటికి తేవద్దు" అంటున్నారు. మా అమ్మ "అవన్నీ నేను చూసుకుంటాలే" అంటుంది గానీ ఏం చూసుకుంటుందో చెప్పదు. మావారికి చిన్న కారుంది. ఏవి ముందే కొనాలి, ఏవి తర్వాత కొనవచ్చు, ఏవి అసలు అక్కర్లేదు?
ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ముగ్గురి మాటలున్నాయి. వాటిలో ఏదీ కొట్టిపారేయవలసింది కాదు, ఏదీ ఉన్నదున్నట్టుగా మీకు సరిపోయేదీ కాదు. మీ స్నేహితురాలి జాబితా ఆమె ఇంటికి సరైనదే కావచ్చు. భార్యాభర్తలిద్దరే ఉంటూ, ఏ అర్ధరాత్రి ఏది కావాలన్నా ఫోనులో నొక్కి తెప్పించుకునే నగరంలో తయారైన జాబితా అది. కాన్పు నెల్లూరు ఆసుపత్రిలోనే అయినా, మీరు పురిటికి ఉండబోయేది పల్లెలో, నలుగురు ఆడవాళ్ళున్న ఇంట్లో, అదీ నెల్లూరు సీమలో వానలు జోరుగా కురిసే నెలలో. కాబట్టి ఒక వస్తువును ముందే కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి అది పనికివస్తుందా అని అడగకండి, ఎందుకంటే అంగట్లో ఉన్న ప్రతి వస్తువూ ఎవరికో ఒకరికి పనికివచ్చేదే. రెండే ప్రశ్నలు వేసుకోండి. బిడ్డ పుట్టిన రాత్రి ఇది చేతిలో లేకపోతే ఇబ్బంది అవుతుందా? మర్నాడు ఇంట్లో ఎవరైనా వెళ్ళి తెచ్చే వీలుందా? ఇబ్బంది అవుతుంది, తెచ్చే వీలు లేదు అనిపించినవి మాత్రమే సంచిలోకి ఎక్కాలి. తక్కినవి ఎన్నాళ్ళయినా అంగట్లోనే ఉంటాయి, వాటికి తొందర లేదు.

ఆ రెండో ప్రశ్నకు మీ ఊళ్ళో జవాబు వానను బట్టి ఉంటుంది. రాష్ట్రంలో చాలా జిల్లాలకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వానలే ప్రధానం. నెల్లూరు జిల్లాకు అలా కాదు, ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. ఒక వాయుగుండం తీరానికి వచ్చిందంటే నాలుగు రోజులు ముసురు వదలదు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, జాతీయ రహదారి మీద కూడా రాకపోకలు స్తంభించాయి. మీ పల్లె నుంచి నెల్లూరుకు వెళ్ళాలంటే ఆ ఏరు దాటే వెళ్ళాలి. ప్రతి ఏడూ అలా జరుగుతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఆన్‌లైనులో పెట్టిన ఆర్డరు సరిగ్గా ఆ వారమే వస్తుందని నమ్ముకోవద్దని, అక్టోబరు సగానికల్లా సంచి సిద్ధంగా ఉండాలని మాత్రమే చెబుతున్నాను.

ముసురు వల్ల వచ్చే అసలు చిక్కు గుడ్డలు ఆరకపోవడం. మొదటి ఒకటి రెండు రోజులు బిడ్డ కొద్దిసార్లే తడిపినా, పాలు పడి వారం గడిచేసరికి రోజుకు పది పన్నెండు గుడ్డలైనా మార్చవలసి వస్తుంది. ఎండ కాసే రోజుల్లో ఉదయం ఉతికినవి మధ్యాహ్నానికి చేతికొస్తాయి గనుక డజనున్నర గుడ్డలతో నడిపించవచ్చు. ముసురులో ఒక్కో గుడ్డ ఆరడానికి రెండు రోజులు పడుతుంది కాబట్టి మీకు మూడు డజన్లకు తక్కువ కాకుండా ఉండాలి. ఇవి కొనవలసినవి కావు. మీ అమ్మగారి పాత నూలు చీరలు, నాన్నగారి పాత పంచెలు చింపితే వచ్చే పొత్తిగుడ్డలకు సాటివచ్చేది ఏ దుకాణంలోనూ దొరకదు. ఎన్నో ఉతుకుల తర్వాత ఆ నూలు మెత్తబడి, నీరు బాగా పీల్చుకుంటుంది, పసిచర్మాన్ని ఒరుసుకోదు. గంజి పూర్తిగా వదిలేలా వేడినీళ్ళలో నానవేసి, ఉతికి, సెప్టెంబరు ఎండలోనే ఆరవేసి, ఇస్త్రీ చేసి, శుభ్రమైన సంచిలో మూట కట్టి ఉంచమనండి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, దీన్ని మీ అమ్మగారికి గట్టిగా చెప్పండి. పెట్టె అడుగున కలరా ఉండల మధ్య దాచిన చీరలను అలాగే చింపి వాడకూడదు, తయారైన గుడ్డల మూటలోనూ ఆ ఉండలు వేయకూడదు. ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల, పుట్టుకతో ఒక ఎంజైము తక్కువగా ఉన్న పిల్లలకు రక్తకణాలు విరిగి పచ్చకామెర్లు ముదిరే ప్రమాదముంది, ఆ లోపం ఎవరికుందో పైకి చూస్తే తెలియదు. అలాగే తడి గుడ్డలను సాంబ్రాణి పొగ మీద ఆరబెట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే ఈసారికి మానుకోండి. వరండాలో ఒక దండెం, పైన పంకా, చివర్లో ఇస్త్రీ పెట్టె ఉంటే చాలు. పసివాళ్ళ ఊపిరితిత్తులకు ఏ పొగా మంచిది కాదు.

మీ అత్తగారి అభ్యంతరం కూడా ఇక్కడే చాలావరకు తీరిపోతుందని నా అభిప్రాయం. ఆలూ ఉంది, చూలూ ఉంది కనుక సామెత మీకు అంతగా అతకదనుకోండి, ఆ మాట మాత్రం ఆమెతో అనకండి. పుట్టిన బిడ్డల్లో ఎందరు నిలుస్తారో తెలియని కాలంలో, ముందుగా ఆశపడి అన్నీ అమర్చుకుని తర్వాత వాటిని చూసి కుమిలిపోకూడదని పెద్దలు పెట్టుకున్న కట్టుబాటు అది, దాని వెనుక ఉన్నది మీ మీద ప్రేమే. ఆ కట్టుబాటు కొత్త వస్తువులకే గాని పాత గుడ్డలకు కాదు. పైగా ఆరోగ్యంగా ఎదిగిన పిల్లల చొక్కా అడిగి తెచ్చి పురిటి బిడ్డకు తొడగడం మంచిదని మన ఇళ్ళలోనే అంటారు. మీ ఆడపడుచు పిల్లల పాత జుబ్బాలు ఉంటే వాటిని మీ అత్తగారి చేతనే అడిగించండి. మొదటి వారాల బట్టల్లో సగం అలా సమకూరడమే కాక, వద్దన్న మనిషే పూనుకుని తెప్పించినట్టవుతుంది. ఏవి కొత్తగా కొనక తప్పదో వాటిని ఒంగోలు ఇంటికి తేకుండా నేరుగా మీ పుట్టింట్లో ఉంచితే ఆమె మాటా నిలుస్తుంది.

కొత్త జుబ్బాలు ఆరు చాలు. మెడ మీదుగా దూర్చేవి కాకుండా ముందువైపు తెరిచి ముడి వేసేవి, చేతులు కాస్త వదులుగా ఉన్నవి తీసుకోండి. మెడ నిలవని బిడ్డకు తల మీదుగా తొడగడం మొదటి కాన్పు తల్లికి ఎంత బెదురో వేరే చెప్పనక్కర్లేదు. లేసులు, మెరుపుల దారం, గట్టి గుండీలు, మెడ దగ్గర గుచ్చుకునే లేబుళ్ళు ఉన్నవాటిని వదిలేయండి. ఆరింటిలో మూడింటిని ఒక సైజు పెద్దవిగా తీసుకోవడం మేలు, ఎందుకంటే మొదటి నెలల్లో బిడ్డ రోజుకు 25 నుంచి 30 గ్రాముల దాకా బరువు పెరుగుతుంది, పుట్టినప్పుడు చక్కగా సరిపోయిన జుబ్బా ఆరు వారాలకే బిగుతవుతుంది. ఒళ్ళు తుడవడానికి మెత్తని నేత తువ్వాళ్ళు మూడు, తలకు ఒక నూలు టోపీ, రెండు జతల మేజోళ్ళు కొంటే చాలు. మీ స్నేహితురాలి జాబితాలోని ఉన్ని స్వెట్టర్లు, బొచ్చు కంబళ్ళు కోస్తా నవంబరుకు దండుగ. మీరు వేసుకున్నదానికంటే ఒక పొర ఎక్కువ ఉంటే బిడ్డకు వెచ్చదనం సరిపోతుంది. బారసాలకు తొడగవలసిన పట్టు బట్టల గురించి మీరు ఆలోచించనే వద్దు. చుట్టాలు తెచ్చేవి దాచడానికి చోటు వెతుక్కోవలసి వస్తుంది.

డైపర్లను పూర్తిగా కాదనను. ఆసుపత్రిలో ఉన్న రాత్రులకు, నెల్లూరు నుంచి ఇంటికి వచ్చే ప్రయాణానికి, ముసురు ఎంతకూ వదలని రోజులకు అవి ఆదుకుంటాయి. అయితే అప్పుడే పుట్టిన పిల్లల సైజుది ఒక్క చిన్న పాకెట్టే కొనండి. రాయితీ వస్తుందని పెద్ద పెట్టె తెస్తే అది అయ్యేలోగా బిడ్డ పై సైజుకు వెళ్ళిపోవచ్చు, లేదా ఆ రకం పడక తొడల దగ్గర ఎర్రగా పొక్కవచ్చు. తడిసినా తడవకపోయినా మూడు నాలుగు గంటలకొకసారి చూసి మార్చాలి, విరేచనమైతే వెంటనే మార్చాలి. పక్క తడవకుండా అడుగున పరిచే డ్రై షీట్లు చిన్నవి మూడు తీసుకోండి, ఇవి ముందే కొనవలసినవాటిలో చేరతాయి.

పడక దగ్గర డబ్బు కంటే జాగ్రత్తే ఎక్కువ అవసరం. చుట్టూ చెరువులు, వరిమడులు, రొయ్యల గుంటలు ఉన్న ఊరు కనుక దోమతెర తప్పనిసరి. గొడుగులా తెరుచుకునే చిన్న తెర కొంటే పగలు ఎక్కడ పడుకోబెట్టినా పనికివస్తుంది, రాత్రికి పెద్ద మంచానికి కట్టే తెర మీ ఇంట్లో ఉండే ఉంటుంది. బిడ్డను వెల్లకిలా, గట్టిగా సమంగా ఉన్న పరుపు మీద పడుకోబెట్టాలి. దుకాణాల్లో అమ్మే పరుపు సెట్టుతోపాటు ఒక తలదిండు, రెండు పక్కదిండ్లు వస్తాయి. బిడ్డ నిద్రపోయేటప్పుడు వాటిని తీసి పక్కన పెట్టండి, మెత్తని దిండు ముక్కుకు అడ్డుపడితే పక్కకు తిరిగే బలం ఆ వయసులో ఉండదు. తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు పెట్టాలని మీ అమ్మగారు తప్పక అంటారు. ఒకే వైపు ఒత్తిడి పడకుండా పడుకోబెట్టినప్పుడల్లా తలను ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిప్పడం, మెలకువగా ఉన్నప్పుడు మనిషి దగ్గరుండి కాసేపు బోర్లా వేయడం ద్వారా ఆ పని దిండు లేకుండానే జరుగుతుంది. ఉయ్యాల సంగతి బారసాల నాటికి మీ పుట్టింటివారు చూసుకుంటారు. ఈలోగా చీర ఉయ్యాల కడితే దూలం గట్టిదా కాదా చూసుకుని, గుడ్డ రెండు వైపులా ముడుచుకుపోకుండా బద్ద పెట్టి, గడ్డం రొమ్ముకు ఆనుకునేలా బిడ్డ వంగిపోకుండా కనిపెట్టుకుని ఉండాలి, అందులో వదిలేసి వేరే పనికి వెళ్ళకూడదు.

ఇక పాల విషయం. జాబితాలో పాలసీసాలు ఆరు, వాటిని కడిగే బ్రష్షు, వేడిచేసే యంత్రం, క్రిములు చంపే యంత్రం, పాలు పితికే పంపు, పాలపొడి డబ్బా కనిపిస్తున్నాయంటే మీ డబ్బులో చిన్నదేమీ కాని భాగం ఇక్కడే పోతుందన్నమాట. ఇవేవీ ముందే కొనకండి. పుట్టిన గంటలోపే రొమ్ముకు పట్టించి, ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. సీసా ఇంట్లో సిద్ధంగా ఉంటే, పాలు సరిగా పడని మొదటి రెండు మూడు రోజుల్లో, బిడ్డ ఏడ్చినప్పుడల్లా ఎవరో ఒకరు దాని వైపే చూస్తారు. పాలపొడిని, పాలసీసాలను ప్రకటనలతో, బహుమతులతో అమ్మకూడదని మన దేశంలో 1992 నుంచి చట్టమే ఉంది, 2003లో దాన్ని మరింత కట్టుదిట్టం చేశారు. కాబట్టి బేబీ గిఫ్టు పెట్టెతో సీసా ఉచితమని ఏ దుకాణమైనా ఇవ్వజూపితే మొహమాటపడకుండా వద్దనండి. వీటికి బదులుగా ఒక ఉగ్గుగిన్నె ఉంచుకోండి. వెండిదే కానక్కర్లేదు, పాత్రల కొట్లో దొరికే స్టీలుది చాలు, మీ అమ్మగారి ఇంట్లో మీరు తాగిందే ఉంటే మరీ మంచిది. ఏ కారణం చేతనైనా బిడ్డ రొమ్ము పట్టలేకపోతే మీ పాలనే చేత్తో పిండి, మరిగే నీళ్ళలో పది నిమిషాలు ఉంచి తీసిన ఆ గిన్నెతో పట్టవచ్చు. పురిటి బిడ్డలకు సీసా కంటే ఇదే మేలని పిల్లల డాక్టర్లు కూడా చెబుతారు. ఆ గిన్నె చేతిలో ఉంది కదా అని తేనె, వస, ఆముదం మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఏడాది నిండేదాకా తేనె ప్రమాదకరమైనదే. డబ్బాపాలు తప్పవని డాక్టరు చెప్పే పరిస్థితి వస్తే అప్పుడు ఆసుపత్రి ఎదుటి మందుల కొట్లో దొరుకుతాయి. పంపు సంగతి మీరు తిరిగి బడికి వెళ్ళే నెలలో ఆలోచించవచ్చు.

అరవై వస్తువుల జాబితాలో మీ కోసం ఒక్కటీ లేకపోవడం నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది. ప్రసవం తర్వాత వారాల తరబడి రక్తస్రావం ఉంటుంది కాబట్టి పెద్ద సైజు ప్యాడ్లు రెండు పాకెట్లయినా సంచిలో ఉండాలి. పాలివ్వడానికి వీలుగా ముందు జిప్పు ఉన్న నూలు నైటీలు నాలుగు, వదులైన లోదుస్తులు, ఒక తువ్వాలు, కరెంటు పోయినా వేడినీళ్ళు అందేలా ఒక ఫ్లాస్కు పెట్టుకోండి. ఆసుపత్రిలో మీ పక్కన పడుకునే మనిషికి ఒక దుప్పటి కూడా అందులోనే పెట్టండి. మీ డబ్బులో మొదట ఖర్చు పెట్టవలసింది వీటి మీదే.

మందుల కొట్టు నుంచి తేవలసింది ఒక్క డిజిటల్ థర్మామీటరు. మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే, తెల్లవారనిద్దామనుకోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలి. చేత్తో తాకి చూస్తే ఆ సంఖ్య తెలియదు. పౌడరు, కాటుక, గ్రైప్ వాటరు, సెంటు వద్దు. పౌడరు గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కాటుకలో సీసం ఉండే అవకాశముంది. కొబ్బరినూనె ఇంట్లోదే చాలు. పుట్టిన మొదటి ఇరవై నాలుగు గంటలు స్నానం వద్దని, బొడ్డు ఊడేదాకా దాన్ని పొడిగా వదిలేసి ఏమీ పూయవద్దని కూడా పెద్దవాళ్ళకు ముందే చెప్పి ఉంచండి. కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోయగల ఆడవాళ్ళు ఇంట్లో ఉండగా ప్లాస్టిక్ తొట్టి కొనడం వృథా.

ఖరీదైన వస్తువులలో ముందే కొనదగినది నా దృష్టిలో ఒక్కటే ఉంది, కారులో బిడ్డను కూర్చోబెట్టే సీటు. ఒడిలో పట్టుకున్న బిడ్డను గట్టి బ్రేకు పడినప్పుడు ఎంత బలవంతుడైనా ఆపలేడు. బిడ్డ మొదటి ప్రయాణమే నెల్లూరు నుంచి హైవే మీద. తర్వాత మీరు ఒంగోలుకు తిరిగి వెళ్ళేదీ అదే దారిన. వెనుక సీటులో, బిడ్డ ముఖం కారు వెనుకవైపు ఉండేలా బిగించే రకం తీసుకోండి. లేబులు మీద భద్రతా ప్రమాణాల గుర్తు, అంటే ఈసీఈ ఆర్44 లేదా ఆర్129 అని ఉందో లేదో చూడండి. ప్రమాదానికి గురైన కారులోని పాత సీటు చవకగా వచ్చినా తీసుకోవద్దు. దీన్ని ఒంగోలులోనే కొని కారులో బిగించుకోమని మీవారికి చెప్పండి. ఇంట్లోకి తేని సామాను గనుక మీ అత్తగారికీ అభ్యంతరం ఉండకపోవచ్చు. తోపుడుబండి మీ ఊరి వీధిలో పదడుగులు కదలదు. వాకరు ఇప్పుడే కాదు, ఎప్పుడూ కొనకండి. పిల్లలు దానితో మెట్ల మీది నుంచి, పొయ్యి దగ్గరికి దూసుకుపోయే ప్రమాదాల వల్ల కెనడా 2004లోనే దాని అమ్మకాన్ని నిషేధించింది. బొమ్మలు మూడో నెల తర్వాత చూసుకోవచ్చు, అప్పుడు కూడా ఐఎస్ఐ గుర్తున్నవే తీసుకోండి. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి చేశారు.

ఇవన్నీ కలిపినా, కారు సీటుతో సహా, మీ 20,000లో సగం దాటదని అనుకుంటున్నాను. మిగిలిన సగాన్ని మీ తమ్ముడికో చెల్లెలికో, ఇంట్లో నెల్లూరు దాకా వెళ్ళి రాగల మనిషికి, ఒక చీటీతో సహా అప్పగించండి. బిడ్డ బరువు తెలిశాక జుబ్బాల సైజు, కాన్పు ఎలా జరిగిందో తెలిశాక మీకు కావలసినవి, డైపర్లు పడితే ఇంకో పాకెట్టు, ఇవన్నీ ఆ చీటీలోకి చేరతాయి. ట్రంకు రోడ్డులోనో చిన్నబజారులోనో గంటలో దొరకనిది వాటిలో ఏదీ లేదు. బిడ్డ రెండున్నర కిలోలలోపు పుడితే మాత్రం ఈ లెక్కంతా పక్కన పెట్టి ఆసుపత్రివారు చెప్పినవే తెప్పించండి. అప్పుడు కొత్త బట్టల కంటే తల్లి రొమ్ముకు ఆనించి ఉంచడానికి పనికివచ్చే ఒక పొడవాటి మెత్తని గుడ్డ అవసరమవుతుంది, అది మీ పొత్తిగుడ్డల మూటలోనే ఉంటుంది కాబట్టి ఒక చీరను చింపకుండా అట్టే పెట్టమనండి. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళే ఆలోచన ఉంటే, పురిటి బిడ్డలకు అక్కడ కిట్టు ఇస్తున్నారా, ఇస్తే అందులో ఏమేమి ఉన్నాయో మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగి, ఆ వస్తువులను చీటీలోంచి కొట్టివేయండి. ముందుగా కొన్న కొత్త జుబ్బాల్లో మొదట వాడబోయే మూడింటినే ఉతికి పెట్టి, పెద్ద సైజు మూడింటినీ లేబులు తీయకుండా, బిల్లుతో కలిపి ఉంచండి. సైజు మార్చుకోవలసి వస్తే దుకాణంవారు అడిగేవి ఆ రెండే.